మూడో గేటు హాజరు

దెయ్యాల మాట ఎత్తితే మా నాన్న కోప్పడేవారు. ఆయన బెంగాల్లోని లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతారు, మళ్లీ మన జోలికి రారు అనేవారు. నేను చర్చికి వెళ్లడం తగ్గించాక కూడా ఆ ఒక్క నమ్మకం నాలో ఉండిపోయింది. పైగా నా ఉద్యోగం అలాంటిది. అందులో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. దొరకలేదంటే సరిగా వెతకలేదని అర్థం.

ఇది రాయడానికి నాకు భయం లేదు, సిగ్గుగా ఉంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను కంపెనీలకు డేటా వేర్‌హౌస్‌లు కడతాను. ఒక కంపెనీలో హాజరు ఒకచోట, సరుకు ఒకచోట, ప్రమాదాల రిజిస్టరు ఇంకోచోట పడి ఉంటాయి. వాటన్నిటినీ రోజూ పొద్దున్నే ఒకచోటికి చేర్చి, తప్పులు ఏరి, యజమాని టీ తాగుతూ డాష్‌బోర్డు అనే ఒక్క తెర మీద చూసుకునేలా చేయాలి. సాల్ట్ లేక్‌లో మాదొక చిన్న ఆఫీసు. నేనూ, సాయంతన్ అనే బెంగాలీ కుర్రాడూ ఒక జట్టు.

రెండేళ్ల క్రితం గార్డెన్ రీచ్‌లో ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు కంపెనీ పని మాకు వచ్చింది. విదేశీ ఓడల వాళ్లు పని ఇచ్చేముందు భద్రత వివరాలు అడుగుతున్నారట. ఎన్ని ప్రమాదాలు, ఎవరికి, ఎప్పుడు అన్నవి పదేళ్లవి కావాలి. కంపెనీ తరఫున దత్తా గారని ఒక మేనేజరు మాతో కూర్చునేవారు. నెమ్మదైన మనిషి. మా అమ్మకు ఆరోగ్యం ఎలా ఉందని ప్రతిసారీ అడిగేవారు.

పాత ప్రమాదాల రిజిస్టరు పేజీలు స్కాన్ చేసి ఇచ్చారు. వాటిని చూసి ఎక్కించడం నా వంతు. ఒక పేజీలో ఇంగ్లీషులో రాసిన రెండు లైన్ల దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అపలరాజు, కాంట్రాక్టు కూలీ, ఓడకీ జెట్టీకీ మధ్య నీళ్లలో పడ్డాడు, దొరకలేదు. తేదీ చూశాను. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటిది, విశ్వకర్మ పూజ అయిన రెండో రోజు.

ఆ రోజు నాకు తెలుసు. గార్డెన్ రీచ్‌లో మా పిన్ని ఉండే సందులో అందరికీ తెలుసు. పిన్ని పక్కింటి నరసమ్మత్త భర్త అప్పలరాజు మావయ్య మాయమైపోయిన రోజది. వాళ్లది శ్రీకాకుళం దగ్గర ఒక సముద్రపు ఊరు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నేను పిన్ని ఇంట్లో కన్నా వాళ్లింట్లోనే ఎక్కువ తిన్నాను.

అప్పట్లో నరసమ్మత్త కంపెనీ గేటు చుట్టూ నెలల తరబడి తిరిగింది. ఆ రోజు అతను పనికే రాలేదని కంపెనీవాళ్లు చెప్పారు. పోలీసులు తప్పిపోయాడని రాసుకున్నారు. సందులో మాత్రం పక్కనున్న ఖిదిర్‌పూర్‌లో ఎవరినో ఉంచుకున్నాడని, దానితో పారిపోయాడని అనుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేనూ ఒకసారి మా అమ్మతో ఆ మాట అన్నాను.

గేటు యంత్రాల పాత హాజరు తీసి ఆ తేదీ వెతికాను. ఉంది. మూడో గేటు. లోపలికి వచ్చిన సమయం ఆరు గంటల పది నిమిషాలు. బయటికి వెళ్లిన సమయం ఖాళీ.

నేను దత్తా గారి దగ్గరికి వెళ్లాను. చాలాసేపు ఆ పేజీ చూశారు. కాంట్రాక్టు కూలీ కదా, మన ఉద్యోగుల జాబితాలో లేడు కదా అన్నారు. జాబితాతో కలవని ప్రమాదాలు, బయటికి వెళ్లిన సమయం లేని హాజరు, ఇవన్నీ అసంపూర్తి వివరాలే కదా, అలాంటివి పక్కన పెట్టడం మీ పద్ధతే కదా అని అడిగారు.

నిజమే, అది మా పద్ధతే. పట్టికల్లో సరిపోలని వరుసల్ని మేం పక్కకు తీసేస్తాం. రోజూ చేసే పనే. ఆ మధ్యాహ్నం కూర్చుని అలాంటి వరుసల్ని ఆపే రెండు ఫిల్టర్లు రాశాను. పది నిమిషాల పని. అప్పలరాజు మావయ్య హాజరులోంచీ పోయాడు, ప్రమాదాల్లోంచీ పోయాడు. డాష్‌బోర్డు మీద మరణాలు అన్న చోట సున్నా పడింది.

వేరే అపలరాజు అయి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ప్రాజెక్టు పూర్తయితే నన్ను టీమ్ లీడ్ చేస్తామని మా ఆఫీసులో మాట ఇచ్చారు. ఆ సంగతీ ఇక్కడ రాయాలి.

మర్నాటి నుంచి లెక్క తప్పడం మొదలైంది.

రోజూ పొద్దున్న వివరాలన్నీ లోడ్ అయ్యాక, కంపెనీ నుంచి వచ్చిన వరుసలూ మా దగ్గర చేరిన వరుసలూ సమానమో కాదో చూస్తాం. మా దగ్గర ఒకటి ఎక్కువ వచ్చింది. వెతికితే అది ఆ రోజు తేదీతో ఉన్న హాజరు. మూడో గేటు, ఆరూ పది, బయటికి వెళ్లిన సమయం ఖాళీ. పేరు ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరాలు: అపలరాజు.

మొదట చూసింది సాయంతన్. "దీదీ, ఇది మీ భాష కదూ? నువ్వు పెట్టావా?" అని నవ్వాడు. నేను పెట్టలేదు. వరుస తీసేశాను. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

దీని గురించి నేను వెతికినవన్నీ చెబుతాను. ఆ గడి ఇంగ్లీషు అక్షరాలకు మాత్రమే కట్టినది. అందులో తెలుగు పెడితే ప్రశ్నార్థకాలు పడతాయి. నేనే పెట్టి చూశాను, పడ్డాయి. కంపెనీ నుంచి వచ్చే ఫైలులో ఆ వరుస లేదు; ఉన్నా నా ఫిల్టరు దాన్ని ఆపేయాలి. మూడో గేటు ఇప్పుడు లేదు. అక్కడ గోడ కట్టేసి చాలా ఏళ్లయింది, యంత్రం ఎప్పుడో తీసేశారు. ఏ వరుస ఎవరి లాగిన్‌తో చేరిందో మా దగ్గర నమోదవుతుంది. అది నా లాగిన్‌తో చేరుతోంది.

పాస్‌వర్డ్ మార్చాను. ఒకరోజు ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలి వెళ్లాను. మర్నాడు పొద్దున్న ఆరూ పదికి నేను లిలువాలో మా ఇంట్లో అమ్మకు టీ పెడుతున్నాను. సాయంతన్ మాత్రం అయిదున్నరకే ఆఫీసుకు వచ్చి తెర ముందు కూర్చున్నాడు. ఆరుంపావుకి ఫోన్ చేశాడు. నవ్వడం లేదు.

"ఎవరూ ఏమీ కొట్టలేదు దీదీ. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కో అక్షరం వచ్చింది. ఆగి ఆగి వచ్చింది."

తర్వాతి సోమవారం పొద్దున్న దత్తా గారికి డాష్‌బోర్డు చూపించాలి. ఆ రోజు వరుస తీసేసే వెళ్లాను; సెలవు రోజుది గుర్తు రాలేదు. ఆయన తారీఖు మార్చి ముందురోజు ఆదివారం చూశారు. ఆదివారం యార్డు మూత. ఆ రోజు లోపల ఉన్న కాంట్రాక్టు కూలీలు అన్న చోట ఒకటి అని ఉంది.

వివరం కోసం ఆయన దాన్ని నొక్కలేదు. నొక్కితేనే గేటు కనిపిస్తుంది. నొక్కకుండానే అన్నారు: "ఆ గేటు ఇప్పుడు లేదు కదమ్మా. తీసేయండి."

గదిలో ఎవరమూ గేటు మాట ఎత్తలేదు. ఆయనకు మొత్తం తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. "అలాగే సార్, సరిచేస్తాం" అన్నాను.

తర్వాతి ఆదివారం పిన్ని ఇంటికి వెళ్లాను. నరసమ్మత్త తన అరుగు మీద కూర్చుని ఎండు చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"ఏటమ్మా సుహాసినీ, దారి మర్సిపోనావేటి? సిక్కిపోనావు. తిన్నగా తింటన్నావా నేదా?"

ఏదో మాట్లాడుతూ మాటల్లో పెట్టి అడిగాను, మావయ్యకు చదువు వచ్చా అని.

"సదువేటమ్మా, నా మొకం! పేరొక్కటే రాసీవోడు. అదీ ఆగి ఆగి రాసీవోడు. పా కింద ఒత్తు పెట్టమంటే పెట్టీవోడు కాదు. నా పేరు నా ఇష్టం అనీవోడు." నవ్వింది. లోపలికి వెళ్లి పాత పోస్టాఫీసు పుస్తకం తెచ్చి చూపించింది. సంతకం చోట అపలరాజు అని ఉంది.

పుస్తకం తిరిగి ఇచ్చేశాను. అప్పటికి నా ఫోన్‌లో రిజిస్టరు పేజీ ఫొటో ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. పిన్ని కాఫీకి పిలిచిందని లేచి వెళ్లిపోయాను.

ఆ తర్వాత రెండు నెలలకు పైగా ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే ఆ వరుస వచ్చేది, రోజూ తీసేసేదాన్ని. సాయంతన్ దాని గురించి మాట్లాడడం మానేశాడు. నాకు టీమ్ లీడ్ ఇచ్చారు. ఆఫీసులో కేక్ కోశారు, ఫొటోలు తీశారు. ఆ ఫొటోలో నేను బాగానే నవ్వుతున్నాను.

నరసమ్మత్త దగ్గరికి ధైర్యం వచ్చి వెళ్లలేదు. అది ముందే చెప్పాలి. ఒకరోజు వరుస తీసేయబోతుంటే, నా చెయ్యి ఆ మీట మీదికి దానంతటదే వెళ్తోందని గమనించాను. పళ్లు తోముకున్నట్టు అలవాటైపోయింది. రిజిస్టరు పేజీ, ఆ రోజు హాజరు ప్రింటు తీసుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టి గార్డెన్ రీచ్ బస్సెక్కాను.

నరసమ్మత్త ఒక్కతే ఉంది. నేను కాగితాలు పెట్టి చదివి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాగితం మీద ఆ పేరున్న చోటు వేలితో తడిమింది.

"పొద్దున్న ఎన్ని గంటలకెల్లేడమ్మా లోపలికి?"

"ఆరూ పదికి అత్తా."

"ఇంటికాణ్నుంచి తిన్నగా ఎల్లేడు. ఇంకెక్కడికీ ఎల్నేదు." ఆ మాట రెండుసార్లు అంది. తర్వాత నా వైపు చూసింది. "ఇది నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"పోయిన వారం" అన్నాను.

ఎందుకు అలా అన్నానో తెలుసు. నిజం చెబితే ఆ ఇంట్లో మళ్లీ నాకు చోటుండదని.

ఆమె తలూపింది. "ఒక నెల ముందొచ్చుంటే మా అత్త ఇనీది. ముసిల్ది పోయిన నెల్లోనే పోయింది. నా కొడుకుని నువ్వే తరిమేసినావే అని తిట్టుకుంటానే పోయింది. ఎనిమిదేళ్లు అదే మాట. నీకేటి తెలుసు తల్లీ, నీకు తెలిసిన ఎంటనే ఒచ్చినావు."

నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. కాగితం ఎవరిచ్చారో బయట చెప్పొద్దని మాత్రం అడిగాను. సరేనంది. ఈ రోజుకీ చెప్పలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఆమె యూనియన్ ఆఫీసుకు వెళ్లింది, పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. మొదట కసిరారు, తర్వాత రాసుకున్నారు. ఇంకా తిప్పుతున్నారు. ఆ నెలలోనే ఊరి నుంచి మరుదులు వస్తే గంగ ఒడ్డున కర్మ చేయించింది. సందులోవాళ్లంతా వెళ్లారు, ఖిదిర్‌పూర్ కథ చెప్పినవాళ్లు కూడా. నేనూ వెళ్లాను.

ఫిల్టర్లు తీసేశాను. దత్తా గారు ఇంకొకరిచేత మళ్లీ పెట్టించారు. నేను మానేసి వేరే కంపెనీలో చేరాను. రాజీనామాలో సొంత కారణాలు అని రాశాను.

చెప్పేశాక, కర్మ అయిపోయాక, ఆ వరుస రావడం ఆగిపోతుందని నాకు ఒక ఆశ ఉండేది. ఆగలేదు. సాయంతన్ ఇంకా అక్కడే చేస్తున్నాడు. నేను మానేసిన రోజే నా లాగిన్ తీసేశారు, అతనే తీశాడు. అయినా వరుస పొద్దున్న ఆరూ పదికి నా లాగిన్‌తోనే వస్తోందట. సర్వరు మార్చారు, అప్పుడూ వచ్చిందట. ఇప్పుడు అతను దాన్ని తీసేయడం లేదు. ఎవరైనా అడిగితే తెలియదంటాడు.

నాకూ తెలియదు. మా రంగంలో నాకన్నా తెలిసినవాళ్లను ఇద్దరిని అడిగాను. పేర్లు చెప్పకుండా, ఇలా జరగగలదా అని. జరగదన్నారు. నాన్న ఉంటే ఏమనేవారో ఊహించలేను. ఇది చదివి ఎవరైనా కారణం చెబితే వింటాను. అది వచ్చేది అతని పేరుతో, చేరేది నా పేరుతో ఎందుకన్నది మాత్రం ఎవరినీ అడగదలచుకోలేదు.

పిన్ని ఇంటికి ఇప్పటికీ వెళ్తాను. పోయిన ఆదివారం నరసమ్మత్త నా కోసమని ఎండు రొయ్యలు పొట్లం కట్టి ఉంచింది. వద్దంటే ఊరుకోలేదు, నువ్వు నా ఇంటి బిడ్డవంది. తీసుకున్నాను.