మొగుడి పాపాలు చెప్పిన గౌరి

మా పక్కింటి గౌరిది నీలగిరి కొండలు. అక్కడి బడగ జాతి పిల్ల. మా కోసిగి నుంచి ఊటీ దిక్కు కట్టడం పనులకు పోయిన వీరేష్ అక్కడే ఆమెను మెచ్చి పెళ్లాడి తెచ్చాడు. పరాయివాణ్ణి చేసుకుందని పుట్టింటివాళ్లు తలుపు మూసేశారు. అత్తింటివాళ్లు తెరిచారా అంటే అదీ లేదు. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా వాళ్ల నోట ఆమె "ఆ కొండది". వీరేష్ ఒక్కడే ఆమెకు దిక్కు.

ఆ వీరేష్ ఈ మాఘంలో ఆదోని పత్తిమిల్లులో బేలు మోస్తూ కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు.

శవం వాకిట్లో ఉంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన గౌరి ఉన్నట్టుండి లేచి, మొగుడి తల దగ్గర నిలబడింది. వాళ్ల కొండల్లో మనిషి పోతే ఒక పెద్దాయన పాపాలన్నీ పైకి చెప్తాడట. చేసినవీ చేయనివీ, తాతముత్తాతలవీ కూడా. చుట్టూ ఉన్నవాళ్లు "పోనీ" అంటే, పోయినవాడికి దారి దొరుకుతుందట. ఇక్కడ ఆ పెద్దాయన ఎవడున్నాడు? అందుకే తానే మొదలుపెట్టింది, వాళ్ల బడగ మాటలోనే. "పోనీ" అనేవాళ్లూ లేరు, అదీ తానే అంది.

పామును చంపాడు, పోనీ. ఆకలని వచ్చినవాణ్ణి తరిమాడు, పోనీ. అన్నదమ్ముల చేను గట్టు జరిపాడు, పోనీ.

బడగ మాట కన్నడానికి దగ్గర. మా సరిహద్దు ఊళ్లో కన్నడం రానివాడెవడు? ఒక్క ముక్కా అర్థం కాకపోయి ఉంటే ఎంత బాగుండేది! గట్టు మాట వినగానే వీరేష్ అన్న అయ్యన్న లేచాడు. తమ్ముడి చేను గట్టు జరిపి కలుపుకున్న మహానుభావుడు వాడే. ఊరంతా ఎరుగుదుం.

"ఏమే, సచ్చినోని పేరు సెప్పి నన్ను తిడ్తాండావా?"

"నిన్ను గాదు బావా. ఎవురు పోయినా మావోళ్లు ఇట్లే సెప్తారు. ఇంగ రోంతే ఉంది, సెప్పనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నీ ఆచారం నీ కొండల్లో పెట్టుకో!" అని రెక్క పట్టి వీధిలోకి ఈడ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ నోట్లో మన్ను పడ! దాని మొగుడురా వాడు!" అని అరిచాను. మగాళ్లలో ఒక్కడైనా కదిలితే ఒట్టు. అందరూ నేలచూపులే.

పాడె లేచింది. గౌరిని వెంట నడవనివ్వలేదు. ఇంట్లోకీ రానివ్వలేదు. మా అరుగు మీదే కూలబడింది. ఈడ్చినప్పుడు గీసుకుపోయిన చేతి నుంచి నెత్తురు కారుతుంటే తుడవబోయాను. ఆమె అది చూసుకోనే లేదు.

"సగంలోనే ఆపేసినారక్కా," అంది. "ఆయప్ప ఇంగ యాడికీ పోలేడు."