తొక్కి నిలబడే కాలు

మద్దిలేటి మోకాలు మూడుసార్లు చెడింది. మూడుసార్లూ పచ్చిక మీదే. మొదట కోల్‌కతాలో, తర్వాత గోవాలో, చివరికి బెంగళూరులో. బెళుగుప్ప పక్కన తను పుట్టి పెరిగిన ఊరి గరుసు మైదానంలో, గులకరాళ్ల మీద, బూట్లు కూడా లేకుండా ఫుట్‌బాల్ ఆడినన్నాళ్లూ ఆ కాలికి ముల్లు గుచ్చుకోవడం తప్ప మరేమీ కాలేదు. ఇది వింతే. కానీ ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దిష్టి. పేపర్లో ఫోటో పడినప్పుడల్లా కాలికి దెబ్బ తగులుతోందని తేల్చేశారు. అత్త సిద్దమ్మ దెబ్బ తగిలినప్పుడల్లా ఒక నల్లదారం కట్టింది. దారాలు పెరిగాయి గానీ మోకాలు మాత్రం మాట వినలేదు.

ముప్పై దగ్గర పడుతున్న డిఫెండర్‌కి మోకాలు చెడ్డపేరు తెచ్చిందంటే ఇక ఫోన్లు రావు. మద్దిలేటికీ రాలేదు. రెండేళ్లు అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయించాడు. అప్పుడు, ఒకప్పుడు తనతో ఆడిన స్నేహితుడి ద్వారా, భూటాన్‌లో ఒక క్లబ్బు కబురు పెట్టింది. నెల రోజులు వచ్చి ఆడు, నచ్చితే సీజనంతా ఉంచుకుంటాం అని. ఇదే ఆఖరి అవకాశమని వాడికీ తెలుసు, భార్య అశ్వినికీ తెలుసు. బస్సెక్కించేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"గెలిచినా ఓడినా నాకు పట్టదు. ఈసారన్నా నడుచుకుంటా రా."

మూడుసార్లూ చంకలో కర్ర పెట్టుకుని దిగిన మనిషిని ఇంట్లోకి తెచ్చుకుంది ఆమే. స్నానం చేయించింది, బాత్రూముకి మోసింది. ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది.

భూటాన్‌లో వానలు. మన పల్లెల్లో వాన కోసం కప్పలకు పెళ్లి చేస్తారు, అక్కడేమో వాన ఆగితే బాగుండునని చూస్తున్నారు. దేవుడి పంపకాలు ఇలాగే ఉంటాయి. మొదటి రోజు ప్రాక్టీసులో అందరూ పరిగెత్తుతుంటే మద్దిలేటికి ఒక చప్పుడు వినిపించింది. దబ్, దబ్ అని. ఎవరిదా అని చూస్తే తనదే. మిగతావాళ్ల అడుగులు పచ్చిక మీద సద్దు లేకుండా పడుతున్నాయి. తనొక్కడే వడ్లు దంచినట్టు దంచుతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది కొండప్ప మాట. ఊరి మైదానంలో వాడికి ఆట నేర్పిన పెద్దాయన రోజూ ఒకటే పాఠం చెప్పేవాడు: "నేలను తొక్కి నిలబడప్పా. లేదంటే నేలే నిన్ను తోసేస్తాది." గరుసు మీద అది నిజం. అక్కడ ఎంత గట్టిగా తొక్కినా కాలు జానెడు జారి, అప్పుడు ఆగుతుంది. ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. పచ్చిక మీద బూటు దిగబడితే ఇక జరగదు. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో నలిగేది మోకాలు. ఇన్నేళ్లు దిష్టి అనుకున్నది దిష్టి కాదు, తనకు బాగా వచ్చిన పాఠం.

ఆ రాత్రి వాడికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. కొండప్ప చెప్పింది ఆ నేలకు సరైనదే. కోపానికి చోటు దొరక్క అలిసిపోయి పడుకున్నాడు.

మర్నాటి నుంచి మెల్లగా అడుగు వేయడం నేర్చుకున్నాడు. ఈ వయసులో నడక నేర్చుకోవడమంటే మాటలు కాదు. పొద్దున్నే ఒంటరిగా మైదానం చుట్టూ తిరిగేవాడు, తన అడుగుల చప్పుడు తగ్గిందా అని వింటూ. తగ్గింది. దానితోపాటు వేగమూ తగ్గింది. నెల చివర ఎంపిక కోసం ఒక మ్యాచ్ పెట్టారు. చివరి నిమిషాల దాకా బాగానే ఆడాడు. అప్పుడు అవతలి కుర్రవాడు బంతితో పక్కనుంచి దూసుకొచ్చాడు. ఎడమ కాలు తొక్కి తిరిగితే బంతి తనదే. ఆ సంగతి కాలికి తెలుసు, చిన్నప్పటి నుంచీ తెలుసు. పైకి లేచిన కాలు నేలను తాకేలోపు అశ్విని మాట అడ్డొచ్చింది. మెల్లగా ఆనించాడు. కుర్రవాడు దాటిపోయాడు. గోల్ పడింది.

కోచ్ మర్యాదస్తుడు. మనిషివి మంచివాడివి, కానీ చివరి క్షణంలో ఆగిపోతున్నావు అన్నాడు. సీజనుకు ఉంచుకోలేదు.

బెళుగుప్పలో బస్సు దిగి నడిచి వస్తున్న మొగుణ్ణి చూసి అశ్విని కళ్లు తుడుచుకుంది. జరిగిందంతా వాడు దాచకుండా చెప్పాడు. "మంచి పని చేసినావు," అంది. ఆ మాట వాడికి గోల్ కంటే ఎక్కువ తగిలింది.

సాయంత్రం మైదానానికి పోయాడు. కొండప్ప అంచున రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఆడేవాళ్లు పిలిస్తే మద్దిలేటి దిగాడు. బంతి వచ్చింది. తిరగబోయాడు. కాలు మెల్లగా పడింది, గరుసు కింద నుంచి జారిపోయింది. బోర్లా పడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఆ నేల మీద వాడు పడటం ఎవరూ చూడలేదు.

"ఏమప్పా, ఈడ పడితివి?" అన్నాడు కొండప్ప. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు. "ఆడ ఆటా రాలేదు, ఈడ అడుగూ నిలవలేదు. రెంటికీ చెడ్డ రేవడివి అయితివి గదప్పా."

ఇంటికొచ్చాక అశ్విని చెంబుతో నీళ్లు పోస్తూ అరచేతుల్లో దిగిన గరుసు తీసింది.

"మోకాలికేమన్నా అయిందా?"

"లేదు. బాగుండాది."

"బాగుండాది గదా. ఇంగేం కావల్ల నీకు?"

మద్దిలేటి చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆమె ముఖంలోకి చూడలేదు.

"ఆట ఆడల్ల," అన్నాడు.