ఎవరింటి ఆవకాయ

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట ఆ రోజుల్లో బండరాళ్ళు కూర్చుని ఉండేవి. నేను కూడా కదలకుండా కూర్చునే ఉద్యోగమే దొరికిందనుకుని కూకట్‌పల్లిలో ఒక పళ్ళపొడి కంపెనీలో చేరాను. కంపెనీ అంటే రేకుల షెడ్డు. చేరిన మర్నాడే అది తిరుగుడు ఉద్యోగమని తెలిసింది. సైకిలు కంపెనీది, కాళ్ళు నావి. ఏడాది చూసి పర్మనెంటు చేస్తామన్నారు. (పర్మనెంటు అయితేనే పిల్లనిస్తామని ఏలూరులో కాబోయే మామగారు కూర్చుని ఉన్నారు. ఆ రోజుల్లో అందరూ కూర్చునే ఉండేవారు, నేను తప్ప.)

మా ప్రొప్రయిటరు గారిది గుంటూరు వైపు. పళ్ళపొడి డబ్బా మీద 'ఎప్పుడూ ఒకే రుచి' అని అచ్చు వేయించిన మనిషి. పళ్ళపొడిని రుచి కోసం ఎవరు కొంటారండీ అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఓ ఉదయం ఆయన నన్ను పిలిచి, "ఒక్క పొడితో ఎన్నాళ్ళని నెట్టుకొస్తామయ్యా? అవతల ఆ పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళ కాలనీ నిండా మనవైపు వాళ్ళే. ఆవకాయకి మొహం వాచి ఉన్నారు" అన్నారు.

"మనకి పెట్టడం రాదు కదండీ."

"మనమెందుకు పెట్టాలి? పెట్టేవాళ్ళ చేత పెట్టిద్దాం. జాడీ వాళ్ళది, సీసా మనది. పేరు ఎటూ మనదే."

అలా నేను మదీనాగూడలో పెద్దమ్మ వాకిట్లో సైకిలు దిగాను. (ఊరందరికీ పెద్దమ్మే. పెనిమిటి కూడా అలాగే పిలిచేవాడని ప్రతీతి.) ఆ ఎండాకాలం ఆమె పెట్టిన ఆవకాయను సీసాలకెత్తి, మైదా జిగురుతో లేబుళ్ళు నేనే అంటించాను. లేబులు మీద మళ్ళీ 'ఎప్పుడూ ఒకే రుచి'. కొత్త అచ్చు దండగని పళ్ళపొడి అచ్చే వాడేశారు. దసరా దాటేసరికి కాలనీ స్టోరులో ఒక్క సీసా మిగల్లేదు. స్టోరు మేనేజరు గారు ఈసారి రెట్టింపు కావాలన్నారు. నేను రెట్టింపు ఉత్సాహంతో ఒప్పుకుని వచ్చాను. "ఈ సరుకు అందించావా, నువ్వు పర్మనెంటు. అందించలేదా, వేరే చోటు చూసుకో" అన్నారు ప్రొప్రయిటరు గారు.

పెద్దమ్మ నా మాట విని చేట కింద పెట్టింది. "గిప్పుడా? చెట్టుకు చెప్పొచ్చినవా బిడ్డా, కాయలు కాయుమని?"

పళ్ళపొడి ఎప్పుడు కావాలంటే అప్పుడు నూరించేవాళ్ళం. ఆవకాయ ఏడాదికి ఒక్కసారే పెడతారన్న సంగతి, పుట్టినప్పటి నుంచి మా అమ్మ చేతి ఆవకాయ తిన్న నాకు తట్టలేదు. మా ప్రొప్రయిటరు గారికీ తట్టలేదు. వ్యాపారంలో పడ్డాక మామిడిచెట్టు కూడా ఆర్డరు తీసుకుంటుందనుకున్నాం. నిలవుండే పచ్చడిని నమ్ముకుని, నిలవని ఉద్యోగాన్ని తలచుకుంటూ అరుగు మీద కూలబడ్డాను.

"ఇంక నా పెళ్ళి కూడా అయినట్టే పెద్దమ్మా."

"జర ఆగు, ఫికర్ చెయ్యకు. ఊర్ల ఇంటింటికి జాడీలున్నయి, అడుగుదం. మీ పండ్లపొడి డబ్బాలు తీస్కరా. ఉత్తగ ఎవలిస్తరు?"

ప్రొప్రయిటరు గారు డబ్బాలైతే సంతోషంగా ఇచ్చారు. మదీనాగూడ, మియాపూర్ ఇల్లిల్లూ తిరిగాం. ఒకరిది అల్లంవెల్లుల్లి ఘాటు, ఒకరిది నువ్వులనూనె వాసన, ఒకరిది మెంతులు తగిలే చేదు. ఒకావిడైతే, "పైలం, ఇది మా ఆయన కోసం పెట్టిన, ఆయన మీద కోపమున్ననాడు" అని చెప్పి మరీ ఇచ్చింది. ఊరగాయ అంటే ఊరంతా పెట్టిన కాయ కాబోలనుకున్నాను. అన్నీ ఒకచోట కలిపేద్దామా అంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "కలుపకు. కలిపితే అది ఎవ్వలిదీ గాదు."

కలపలేదు. వేటికవే సీసాల్లో పెట్టి, అన్నింటికీ ఒకే లేబులు అంటించి స్టోరుకు చేర్చాను.

కొద్దిరోజులకే మేనేజరు గారు కబురు పెట్టారు. ప్రొప్రయిటరు గారూ నేనూ వెళ్ళేసరికి కౌంటరు ముందు ఆడవాళ్ళు, చేతుల్లో మూతలు తీసిన సీసాలు.

"ఒకే లేబులండీ, పక్కపక్క ఇళ్ళలో రెండు రుచులు. ఇందులో మీదేదండీ?" అన్నారు మేనేజరు గారు.

నాకు ఏలూరు చాలా దూరంగా కనిపించింది.

"నాదే అసలుదండీ. అచ్చం మా అమ్మమ్మ పెట్టినట్టుంది. ఆవిడ కొన్నదే దొంగ సరుకు" అందొకావిడ.

"చాల్లెండి వదినగారూ, వెల్లుల్లి లేనిదీ ఓ ఆవకాయేనా? అసలుది నాది."

ఒక్కరూ సీసా వాపసు తీసుకోమనడం లేదు. ఎదుటివాళ్ళది నకిలీ అని తేల్చమంటున్నారు, అంతే. ప్రొప్రయిటరు గారు మూడు సీసాల్లో వరసగా వేలు ముంచి రుచి చూశారు. మూడోదాని దగ్గర కాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక మెల్లగా అన్నారు. "అన్నీ అసలువేనమ్మా. ఎవరి సీసా ఖాళీ అయ్యేదాకా వారికి ఒకే రుచి. లేబులు మీద మేం రాసిందీ అదే."

ఆడవాళ్ళు మొహాలు చూసుకుని సీసాలకు మూతలు పెట్టుకున్నారు.

తిరుగుదారిలో రిక్షా కూకట్‌పల్లి చేరాక ఆయన దిగబోతూ, "ఆ మూడో సీసా ఏ ఇంటిదయ్యా?" అన్నారు.

"గుర్తు పెట్టుకోలేదండీ."

"మా అమ్మ పెట్టినట్టుంది. ఆవిడ పోయాక మళ్ళీ ఇప్పుడే తిన్నాను." కండువాతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు పర్మనెంటు. ముందు ఆ ఇల్లు కనుక్కో."

పెళ్ళయింది. ఊళ్ళో జాడీలు అప్పటికే మేమే ఊడ్చేశాం కాబట్టి, తర్వాతి వేసవిలో ఇంటింటికీ వెళ్ళి కొత్తావకాయలు రుచి చూసి, నాలుక మండించుకుని, నమూనాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ప్రతిసారీ, "దగ్గరికొచ్చావయ్యా, కానీ ఇది కాదు" అనేవారు. ఆ తర్వాత వేసవుల్లోనూ అదే మాట. ఆ ఇల్లు దొరక్కుండానే ఆయన పోయారు.

ఇప్పుడు మదీనాగూడలో ఆ ఇళ్ళ చోట పెద్ద పెద్ద దుకాణాలొచ్చాయి. వాళ్ళూ ఎవరిచేతో పెట్టించి సొంత పేరు అంటించుకున్న ఆవకాయ సీసాలు అమ్ముతున్నారు. నేను సీసా వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకెత్తి, చిన్నచిన్న అక్షరాలు చదువుతూ నిలబడతాను. "తేదీ దాటిపోయిందా ఏమిటండీ?" అంటుంది మా ఏలూరు ఆవిడ. తేదీ కాదోయ్, ఇల్లు వెతుకుతున్నానంటాను. రిటైరయి ఎన్నేళ్ళయినా, ఆ ఒక్క పనిలో నేనింకా పర్మనెంటే.