గని యజమాని కూతురు

తెలంగాణ రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లున్న ఆ కాలంలో, గోదావరిఖని నుంచి హైదరాబాదు వెళ్లి ఉద్యోగం చేయడమంటే సగం చాకిరీ చేతులతో, సగం చాకిరీ నాలుకతో. బస్సు దిగీ దిగగానే 'ఏంది'ని 'ఏమిటండీ'గా, 'గట్లనా'ని 'అలాగా'గా మార్చేసుకునేదాన్ని. (నిద్రలో మాత్రం అసలు భాషే బయటికొచ్చేదని నా రూమ్మేటు సాక్ష్యం.) బంజారాహిల్స్‌లో పెద్దవాళ్ల ఇళ్లకు లోపలి అలంకరణ చేసే ఆఫీసులో నాకు ఉద్యోగం. ఇంటర్వ్యూలో మేడమ్ "నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే "కోల్ మైన్స్ అండీ" అన్నాను. "ఓ, మీకు మైన్స్ ఉన్నాయా!" అందావిడ. ఉన్నాయి కదా, మా ఊరి చుట్టూ అవే! తల ఊపాను. ఆ ఊపిన తలను సరిదిద్దుకునే ధైర్యం ఆ తర్వాత ఎనిమిది నెలలైనా రాలేదు. మేడమ్ నన్ను 'డియర్' అని పిలిచేది. నాకు టీ పింగాణీ కప్పులో వచ్చేది. పక్క సీటు అమ్మాయికి, పాపం వాళ్ల నాన్న బడిపంతులు, గాజు గ్లాసులో వచ్చేది. ముప్పై ఏళ్లుగా గనిలో దిగి బొగ్గు ఎత్తుతున్న మా బాపుకు మాత్రం, తాను యజమాని అయిన సంగతి తెలియనే తెలియదు.

అలాంటి రోజుల్లో మా మేనత్త మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి దిగింది. కాలనీలో ఆమెను సైరనత్త అంటారు. గని సైరన్ మొరాయించిన రోజున ఆమె గొంతు విని షిఫ్టువాళ్లు డ్యూటీకి బయలుదేరారని ప్రతీతి. దవాఖానకు మర్నాడు రమ్మన్నారు. "నీ మొఖం ఎండిపోయింది బిడ్డా, బెండకాయ కూర వండుత, కాయలెక్కడ దొరుకుతయి?" అంది. సందు చివర తోపుడుబండి ఉంది. కానీ నాకు గొప్ప చూపించాలని బుద్ధి పుట్టింది. మా ఆఫీసు పక్కనే ఉన్న ఏసీ దుకాణానికి తీసుకెళ్లాను. (నేను అక్కడ అంతవరకూ కొన్నది ఒకే ఒక్క నిమ్మకాయ. మిగతాదంతా చల్లగాలి.)

అక్కడ కూరగాయలు పురిటి పిల్లల్లా మెత్తటి గుడ్డల మీద పడుకుని ఉంటాయి. అత్త బెండకాయల ముందు నిలబడి ఒక్కొక్కదాని తోక పుటుక్కున విరవడం మొదలుపెట్టింది. నా గుండె కూడా పుటుక్కుమంది.

"అత్తా, ఇక్కడ విరవొద్దు!"

"ఇరువకపోతె ముదురో లేతో ఎట్ల ఎరుకైతది? కాయ లేసి చెప్తదా?"

టై కట్టుకున్న ఉద్యోగి గాభరాగా పరుగెత్తుకొస్తున్నాడు. అంతకంటే ముందు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది, "హాయ్ డియర్!" మేడమ్! పక్కన ఆవిడ స్నేహితురాలు కూడా. "మా అత్తయ్యగారు" అని పరిచయం చేశాను. అత్త వెనక్కి తిరిగి, ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. మేడమ్ ఆ ఉద్యోగి చెవిలో ఇంగ్లీషులో ఏదో ఊదింది. 'మైన్స్' అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. అంతే, అతను చేతులు కట్టుకుని, విరవడానికి ఇంకో బుట్టెడు కాయలు తెచ్చి పెట్టాడు! స్నేహితురాలు కూడా గోళ్ల రంగు చెదరకుండా రెండు తోకలు విరిచింది. "ఎంత ఆస్తి ఉండీ ఎంత సింపుల్ చీరో చూడు" అని మేడమ్ మురిసిపోయింది. ఆ చీర అత్త సంతలో కొన్నది.

మేడమ్ వదల్లేదు. పై అంతస్తులోని హోటల్లో భోజనం తనదేనంది. అక్కడ పల్లెటూరి అలంకరణ. గోడకు బండిచక్రం, దూలానికి కందిలి దీపం. "ఇరిగిన చక్రాన్ని గోడకెందుకు ఎక్కిచ్చిండ్రు?" అంది అత్త. మొక్కజొన్న రవ్వతో వండిన గటుక వచ్చింది, పసిపిల్లలకు మందు పోసేంత గిన్నెలో, పైన ఒక పుదీనా ఆకుతో.

"తమ్మీ, రుచి సూసిన, మంచిగుంది. ఇగ తినేదాన్కి తే" అంది అత్త.

వడ్డించే మనిషి నలభై దాటినవాడు. ఆ యాస విని అతని ముఖం విప్పారింది. "ఖని దిక్కా అమ్మా మీది? మాది మంచిర్యాల. మీ వాళ్లు ఏ బాయిల చేస్తరు?" (మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు.)

"మా అన్న రెండో బాయి. గీ పిల్ల నాయినే!" అంది అత్త గర్వంగా.

మేడమ్ చెంచా గాలిలో ఆగింది. "చేయడమంటే... చూసుకుంటారా?"

"సూసుడేందమ్మా? చెమ్మాసుతోని బొగ్గెత్తి టబ్బులు నింపుతడు. ముప్పయ్యేండ్లాయె. ఈ పిల్ల చెప్పలేదా?"

అందరూ నా వైపు చూశారు. ఎనిమిది నెలలుగా జాగ్రత్తగా పెంచుకున్న 'అండీ' ఆ క్షణాన నన్ను వదిలి పారిపోయింది. "చెప్పలే మేడమ్. మీరు గట్ల అనుకుంటే నేను గట్లనే ఊకున్న" అన్నాను.

అత్తకు అర్థమైంది. హోటలు కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఆమె నా జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "బాపు పనికి సిగ్గువడ్డవా బిడ్డా?"

దానికంటే గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది. నా కళ్లనీళ్లు పుదీనా ఆకు మీద పడ్డాయి. మేడమ్‌కు హఠాత్తుగా ఏదో పని గుర్తొచ్చింది. స్నేహితురాలినీ, భోజనం తనదేనన్న మాటనూ వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి మంచిర్యాలాయన పెద్ద గిన్నె తెచ్చి మా ముందు పెట్టాడు. "మా పనోళ్ల కోసం వండుకున్న గటుకమ్మా. తినుండ్రి, ఇది లెక్కలకు రాదు." అత్త కలిపి నాకు ముద్దలు పెట్టింది. ఆ రోజు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సోమవారం నా టీ గాజు గ్లాసులో వచ్చింది. 'డియర్' కాస్తా 'ఇదిగో అమ్మాయ్' అయింది. "గ్లాసులో టీ ఎక్కువ పడుతుంది" అని బడిపంతులు గారమ్మాయి ఓదార్చింది. నిజమే, పడుతుంది.

అత్త ఇంట్లో చెప్పలేదు. సెలవుకు వెళ్లినప్పుడు నేనే బాపు ముందు కూర్చుని ఒప్పుకున్నాను.  ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నేను ఓనర్నయితె ఎట్ల బిడ్డా? సమ్మె ఎవని మీద జెయ్యాలె?"

అంతటితో ఊరుకోలేదు, కాలనీ అంతా చెప్పుకుని నవ్వాడు. మర్నాడు ఫస్టు షిఫ్టుకు బయలుదేరుతుంటే ఎదురింటి కాక, "ఏం సేటూ, నీ బాయికి నువ్వే నడిచిపోతున్నవా?" అని కేకేశాడు. "ఏం జెయ్యాలె, మందిని నమ్మితె బాయి మునుగుతది" అని బాపు, అన్నం డబ్బా ఊపుకుంటూ, నిజంగానే సేటులా ఛాతీ విరుచుకుని నడిచాడు. గడపలో నిలబడి చూస్తున్న నేను, అప్పటి ఇరవై రెండేళ్ల పిల్లను, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాను. బాపు చనిపోయి ఇన్నేళ్లయినా, ఆ సంగతి నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.