డాబా మీద వాసన పరీక్ష

ఇదొక మహాయుద్ధ గాథ. ఇందులో లోకాన్ని వణికించిన మహమ్మారి ఉంది, ముట్టడిలో చిక్కిన కోట ఉంది, స్నేహితుడి కోసం బరిలోకి దిగిన వీరుడున్నాడు. ఆ వీరుణ్ణి నేనే.

నిజానికి అంత లేదు. కోట అంటే పటాన్‌చెరు దాటాక హైవే పక్కనున్న మా డిగ్రీ కాలేజీ హాస్టల్. వీరుడు నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్ళు తోముకుంటూ బరిలోకి దిగాడు.

మొదటి లాక్‌డౌన్ అయిపోయి కాలేజీలు తెరిచిన కొత్త. నెలల తరబడి ఫోన్లో పాఠాలు విన్నట్టు నటించిన మేము, ఇక క్లాసులో కూర్చుని నటించడానికి తిరిగొచ్చాం. మాస్కు అందరికీ ఉంది, గడ్డం కింద. గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి పెట్టే మిషన్ ఎవరికైనా తొంభై మూడే చూపించేది. ఆ లెక్కన జ్వరం మాట అటుంచి, మేము అసలు బతికున్నామా అన్నదే అనుమానం.

పదో రోజుకు కింది అంతస్తులో ఇద్దరికి జ్వరం వచ్చింది. ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. టెస్టులు చేసే బండి సోమవారం గానీ రాదన్నారు. అప్పటిదాకా ఆగడం మా వార్డెన్ సారుకు నచ్చలేదు. ఆయన మాకు కెమిస్ట్రీ చెప్పేవారు, పరీక్ష పెట్టకుండా ఉండలేరు. కరోనా వస్తే వాసన తెలియదని అప్పటికి అందరూ అంటున్నారు. వాసనకు మా దగ్గర కొదవేముంది? తెల్లారేసరికి చుట్టుపక్కల ఫ్యాక్టరీల గాలి మంచుతో పాటు దిగుతుంది. ఒకరోజు కుళ్ళిన గుడ్లు, ఒకరోజు కాలిన రబ్బరు. శుక్రవారం పొద్దున ఆరింటికి అందరూ డాబా మీదికి వచ్చి, గాలి పీల్చి, ఏం వాసనో చెప్పాలని నోటీసు అంటించారు. చెప్పలేనివాడు సోమవారం దాకా ఆటసామాన్ల గదిలో ఉండాలి.

గురువారం పొద్దున నేనూ నా రూమ్మేటూ నల్లా దగ్గర పళ్ళు తోముతున్నాం. వాడిది సంగారెడ్డి. వాళ్ళ నాన్నకు అక్కడ ధాన్యం దుకాణం ఉంది. మూడేళ్ళుగా ఈ గాలిని తిట్టకుండా వాడు ఒక్క పూటా గడపలేదు. ఆ రోజు రబ్బరు వాసనకు నా కళ్ళు మండుతుంటే, వాడు చేతులు చాచి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఈయాల గాలి ఎంత మంచిగున్నదిరా," అన్నాడు.

బ్రష్ నోట్లో ఉండగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా ప్రాంతంలో గాలి బాగుందన్నవాడికి డాక్టరు అక్కర్లేదు.

వాడికీ అర్థమై ముఖం పాలిపోయింది. ప్రాణభయంతో కాదు. శనివారం కాలేజీకి ఒక మందుల కంపెనీ వాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ల్యాబులోకి మనుషులను తీసుకోవడానికి. ఆటసామాన్ల గదిలో ఉన్నవాడికి ఇంటర్వ్యూ లేదు. చదువు అయ్యేలోపు ఉద్యోగం రాకపోతే దుకాణంలో కూర్చోవాలని వాళ్ళ నాన్నతో వాడికి ఒప్పందం. ఆ గద్దె మీది పరుపుకు వాళ్ళ తాత కూర్చున్న గుంట ఇప్పటికీ ఉందట. తన జీవితం ఆ గుంటలో సరిగ్గా పట్టేస్తుందేమోనని వాడి భయం.

"ఒక్క దినం దాటియ్యిరా. ఇంటర్వ్యూ అయినంక నేనే పోయి సార్‌కు చెప్త," అన్నాడు.

నేను గుమ్మడిదల వైపువాణ్ణి. పుట్టినప్పటి నుంచీ ఇదే గాలి. ఏ రోజు ఏ వాసనో నిద్రలో కూడా చెప్పగలనని నాకు గొప్ప. సరేనన్నాను. ఆ రోజు రెండు పూటలా ఇద్దరం మెస్సులో అందరితో కలిసే తిన్నాం.

సాయంత్రానికి ఇంకో సంగతి తెలిసింది. ఒకడు చెప్పింది విని ఇంకొకడు చెప్పకుండా, సారు తలా ఒక చీటీ ఇచ్చి, ఏం వాసనో రాయమంటారట. ముక్కు మూసుకోవడాలు, చేతులతో సైగలు కుదరవు. అంటే మామూలు పరీక్షే, మామూలు కాపీయే. దగ్గితే సరిపోతుందిగా అన్నాడు వాడు. ఆ రోజుల్లో దగ్గడం కంటే దొంగతనం ఒప్పుకోవడం సులువు. చివరికి కాళ్ళ దగ్గర ఖాయం చేసుకున్నాం. నేను కుడికాలు ముందుకు పెడితే కుళ్ళిన గుడ్లు, ఎడమకాలు పెడితే కాలిన రబ్బరు, రెండూ దగ్గరికి పెడితే ఏమీ లేనట్టు.

శుక్రవారం మంచులో, మనిషికీ మనిషికీ దూరంగా నిలబడ్డాం. సారు రెండు మాస్కులు వేసుకొచ్చారు కాబట్టి ఆయనకు ఏ వాసనా తెలిసే అవకాశం లేదు. ఎక్కువమంది ఏది రాస్తే అదే సరైన జవాబు. నేను గాలి పీల్చాను. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాను. ఏమీ లేదు. గాలి మళ్ళిందనుకుని రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టాను. వాడు ఓరకంట చూసి, ధీమాగా రాసేశాడు.

సారు చీటీలు విప్పారు. కుళ్ళిన గుడ్లు, కుళ్ళిన గుడ్లు, ఒకడు చచ్చిన ఎలుక అని రాస్తే దానికీ మార్కులు వేశారు. మా రెండు చీటీల దగ్గర ఆగారు. రెండింట్లోనూ ఏ వాసనా లేదని ఉంది.

"మీ ఇద్దర్ల ఎవలది సూసి ఎవలు రాసిండ్రు?"

"నాది సూసి వాడు రాసిండు సార్," అన్నాను.

"మరి నువ్వు?"

"నేను సొంతంగనే రాసిన సార్."

సారు రెండడుగులు వెనక్కి వేశారు. "అట్లయితే ఇద్దరూ నడువుండ్రి," అన్నారు.

ఆటసామాన్ల గదిలో రెండు చాపలు, ఒక క్యారమ్ బోర్డు, గాలి పోయిన వాలీబాల్, మేమూ. "గుమ్మడిదల ముక్కు," అన్నాడు వాడు. ఆ తర్వాత ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఫోన్ ఛార్జరు మాత్రం ఒక్కటే ఉండటం వల్ల గంటకోసారి చెయ్యి చాచేవాడు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి చెబితే ఆయన తిట్టలేదు. పాణం మంచిగయినంక సీదా దుకాణానికి రా అన్నాడట, ఎంతో ప్రేమగా. తిట్టినా బాగుండేది.

శనివారం పొద్దున వాడు లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టక్ చేసి, చాప మీద కూర్చున్నాడు. కిటికీలోంచి మిగతావాళ్ళు ఫైళ్ళు పట్టుకుని పోవడం కనిపిస్తోంది. నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. అప్పుడు లేదు. పదకొండింటికి వాళ్ళంతా తిరిగొచ్చేశారు. ఇంటర్వ్యూ చెయ్యాల్సిన సార్లకే పాజిటివ్ వచ్చిందట. బుధవారం ఫోన్లో చేస్తారట. ఇంకొకరి రోగానికి అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాతో మాట్లాడటం కూడా మొదలుపెట్టాడు.

సోమవారం బండి వచ్చింది. మా ఇద్దరికీ పాజిటివ్, ఇంకొన్నాళ్ళు అదే గది. గురువారం మెస్సులో మా బల్ల దగ్గర తిన్న ముగ్గురికి కూడా. అందరూ బాగానే లేచారు, కానీ వాళ్ళలో ఒకడు ఇంటికి వెళ్ళాక వాళ్ళ నాయనమ్మను గుమ్మంలో నుంచే చూడాల్సి వచ్చింది, మూడు వారాలు. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి, గురువారం పొద్దున్నే మాకు తెలుసని చెప్పాం. ఇద్దరు తిట్టారు. మూడోవాడు మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఇందులో నవ్వాల్సింది నాకిప్పటికీ దొరకలేదు.

బుధవారం ఫోన్ మోగింది. వాడు చాప మీద నిటారుగా నిలబడి మాట్లాడాడు. టైట్రేషన్ గురించి బట్టీపట్టిన నాలుగు పేజీలు మొదలుపెట్టేలోపే అటువైపు మనిషి ఆపి, షిఫ్టులకు ఒప్పుకుంటావా అని హిందీలో అడిగాడు. "హా సార్," అన్నాడు వీడు. అయిపోయింది. సాయంత్రానికి సెలెక్టయినట్టు మెసేజ్.

వాడిని అంత గొప్పగా ఏం చూసి తీసుకున్నారో చేరాక తెలిసింది. సగం మంది జ్వరాలతో సెలవులో ఉన్నారు, పనికి మనుషులు కావాలి. ఫోన్ ఎత్తినవాళ్ళందరినీ తీసుకున్నారు. కొత్త నంబరు కదా అని ఎత్తని ఇద్దరికి రాలేదు.

వాడిప్పటికీ అక్కడే ఉన్నాడు, దుకాణం గుంటలో కాదు. వాడెక్కే మొదటి షిఫ్టు బస్సు పటాన్‌చెరు స్టాపులో ఐదూ నలభైకి వస్తుంది. రెండు నిమిషాలే ఆగుతుంది, ఐడీ కార్డు లేకపోతే ఎక్కనివ్వరు.