నడవాలో పడవ తోసిన రోజులు

నేను ఇంగ్లండు చూళ్ళేదండి. విమానం ఎక్కింది దుబాయ్ దాకానే. అయినా అక్కడి కాలువల సంగతి అడిగితే చెబుతాను. కొండ ఎలా తొలిచారో, ఏటి మీద నుంచి కాలువని ఎలా దాటించారో, పడవ గదిలో చంటిపిల్లని ఎక్కడ పడుకోబెట్టేవారో, అన్నీ ఎరుగుదును. ఇవన్నీ నాకు చెప్పింది ఒక ముసలాయన. దుబాయ్‌లో, ఏసీ గదిలో, మంచం మీద పడుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటా చెప్పాడు.

రెండువేల నాలుగులో ఆ ఇంట్లో చేరాను. అంతకుముందు ఒక అరబ్బు ఇంట్లో వంటింటి పని. ఈ ఇల్లు తెల్లోళ్ళది, అల్ ఖూజ్‌కి ఇవతల సముద్రం వైపు, ఒకే వరసలో కట్టిన విల్లాల్లో ఒకటి. సారు ఇంజనీరు. ఇసక తవ్వి సముద్రం నీళ్ళు లోపలికి తెచ్చి, ఆ నీళ్ళ గట్టున మేడలు కడతారు చూడండి, ఆ పని. మేడమ్ బడిలో టీచరు. సారు వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోతే, ఇంగ్లండులో ఒంటరిగా ఉన్నాడని దుబాయ్‌కి తెచ్చుకున్నారు. చెయ్యి కొంచెం తిరిగొచ్చింది. కాలు రాలేదు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటం నా పని. నేను బాబా అనేదాన్ని. ఆయన నన్ను మిస్సిస్ అనేవాడు, పడవల మీద ఆడవాళ్ళని అలాగే పిలుస్తారంట.

మొదట్లో అసలు మాట్లాడేవాడే కాదు. పెట్టింది తిని గోడకేసి తిరిగి పడుకునేవాడు. బల్ల మీద ఒక ఫోటో ఉండేది. సన్నంగా, పొడుగ్గా, తలుపు మీద గులాబీలు వేసిన పడవ. ఒకరోజు దుమ్ము దులుపుతూ ఆ ఫోటో చూపించి, మా ఆయన కూడా పడవ మనిషే అని చెప్పబోయాను. చెప్పడానికి ఇంగ్లీషేదీ? చీపురు కింద పెట్టి, చున్నీని తాడులాగా భుజాన వేసుకుని, వంగి రెండడుగులు లాగి చూపించాను. పెళ్ళైన కొత్తలో మా ఆయన కాలువ గట్టున అలాగే లాగేవాడండి, ధాన్యం పడవలు, ఇటిక పడవలు. లారీలొచ్చాక ఆ పని పోయింది. తరవాత ఆయనా పోయాడు.

పెద్దాయన తల ఇటు తిప్పాడు. బాగున్న చేత్తో నా చున్నీ చూపించి, అది భుజం మీద కాదు, ఇంకా కిందకి, రొమ్ముకి అడ్డంగా రావాలి అన్నాడు. మొదటి మాటే తప్పు పట్టడం. అప్పట్నించీ మాకు కుదిరింది.

ఆయన మాట పక్షవాతంతో నెమ్మదైంది, నా ఇంగ్లీషు ఎప్పుడూ నెమ్మదే. మధ్యలో నేను హిందీ కలిపేస్తే అర్థం కాకపోయినా తలూపేవాడు. ఇక్కడ మాత్రం ఆయన మాటల్ని మన మాటల్లో చెబుతున్నాను.

ఆయన పడవలోనే పుట్టాడంట. వెనకాల గది మన వంటింట్లో సగం ఉండదు. అందులోనే పొయ్యి, మంచం, తల్లీతండ్రీ, పిల్లలు. ముందంతా బొగ్గు. ఇవాళ ఒక ఊరు, రేపొక ఊరు, బడికెవరు పంపుతారు? సంతకం పెడతాడు, బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాడు, అంతే. కొడుకుని మాత్రం గట్టు మీద కాపురమున్న అక్క దగ్గర ఉంచి చదివించాడు.

కాలువలు ఎలా పుట్టాయో చెప్పేవాడు. వాళ్ళ తాతల తాతల నాడు రోడ్లన్నీ బురదంట. గుర్రం వీపు మీద బొగ్గు ఎంతని పోతుంది? అదే గుర్రం గట్టున నడుస్తూ తాడుతో లాగితే పడవ నిండా పోతుంది. బొగ్గు గనులున్న ఒక జమీందారు మొదట తవ్వించాడంట. పట్నంలో బొగ్గు చవకైంది. అది చూసి నలుగురూ డబ్బులు పోగేసుకుని దేశమంతా తవ్వించారు. యంత్రాలు లేవు. పార, పలుగు, ఒంటి చక్రం బండి. పనోళ్ళు గుడిసెలేసుకుని ఆ గట్టునే ఉండేవారంట, దుబాయ్‌లో మన కుర్రాళ్ళు క్యాంపుల్లో ఉన్నట్టు.

"అడుగున నీళ్ళు ఇంకిపోవా బాబా?" అని అడిగాను.

"ఇంకిపోతాయి. అందుకే బంకమట్టి. తడపాలి, తొక్కాలి, మళ్ళీ తడపాలి, మళ్ళీ తొక్కాలి. మనుషులు చాలకపోతే పశువుల మందని కాలువలోకి తోలేవాళ్ళు."

"మేం పొయ్యికి మట్టి అలాగే తొక్కుతాం."

"అయితే నీకు అప్పట్లో ఉద్యోగం దొరికేది" అన్నాడు.

లాకుల గురించి మాత్రం నాకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. మా కాలువ మీదా ఉన్నాయి కదా, తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవని పైకెత్తడం చిన్నప్పుడు చూసిందే. మా కాలువలు మీ దొరే తవ్వాడంట బాబా అంటే, "దొర తవ్వాడా? దొర చేతులు బొబ్బలెక్కాయా?" అన్నాడు.

ఆ ఫోటోలో పడవ ఇంకా ఉంది. సరుకు మోయడం మానేశాక దాన్నే ఇల్లు చేసుకుని మొగుడూ పెళ్ళాం అందులోనే ఉన్నారు. ఆవిడ కన్నుమూసింది కూడా అందులోనే. ఆయనకున్న కోరికల్లా ఒకటే, మళ్ళీ వెళ్ళి ఆ పడవలో ఉండటం. అక్కడేమో ఎవరో కొంటామని వచ్చారు. ఒకరోజు భోజనాల దగ్గర తండ్రీకొడుకులు గట్టిగానే వాదించుకున్నారు. ఆఖరికి సారు గ్లాసు పక్కన పెట్టి అన్నారు.

"నాన్నా, ఎండలు తగ్గేసరికి మన గేటు నుంచి మూల మీద బకాలా దాకా ఎవరూ ఎత్తి పట్టుకోకుండా నడిచి తిరిగి రా. పడవ అమ్మను. నేనే తీసుకెళ్ళి దింపుతాను. నడవలేకపోతే అమ్మేస్తాను."

బకాలా అంటే చిల్లరకొట్టండి. మా వరసలో ఇళ్ళన్నీ దాటాక ఉండేది. నాకు రొట్టె తేవడానికి వెళ్ళొచ్చేంత దూరం. ఆయన మాత్రం అప్పటికి నా భుజం మీద పడి స్నానాల గదికి వెళ్ళడమే గగనం.

పక్క విల్లాలో పనిచేసే అక్కది మా రాజోలు వైపే. చెత్త పడేయడానికి వచ్చినప్పుడు గోడ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఈ సంగతి చెప్పాను.

"ముసలాయన నడిస్తే ఎళ్ళిపోతాడు. ఎళ్ళిపోతే నీకు పనేదే? నీ కూట్లో నువ్వే మన్ను పోసుకుంటావా?" అంది.

"ముందు నడవనీ అక్కా."

"నడిపించేలాగే ఉన్నావు నువ్వు. నీ మొగం చూస్తే తెలుస్తంది."

కసరత్తులు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. మోకాలు మడువు, చాపు, మడువు, చాపు. ఆ పిల్ల కారు గేటు దగ్గర ఆగిన చప్పుడు వినబడితే చాలు, ఈయన కళ్ళు మూసుకుని గురక పెట్టేవాడు. నిజం గురక కాదని నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు.

ఒక మధ్యాహ్నం సొరంగాల సంగతి వచ్చింది. కొండ అడ్డమొస్తే తొలిచేవారు కానీ, లోపల గుర్రం నడిచే గట్టు కట్టేవారు కాదంట చాలా చోట్ల, ఖర్చని. గుర్రాన్ని విప్పి కొండ మీద నుంచి అవతలికి తోలుకెళ్ళేవాళ్ళు. మరి పడవ? పడవ ముందు అడ్డంగా పలక వేసేవారు. దాని మీద ఇద్దరు మనుషులు వెల్లకిలా పడుకునేవారు, తలలు దగ్గర దగ్గరగా, కాళ్ళు చెరో గోడకీ. అలా పడుకుని గోడల మీద నడిచేవాళ్ళు. వాళ్ళు నడుస్తుంటే పడవ కదిలేది. ఆ చీకట్లో, ఆ చెమ్మలో, అవతలి వెలుతురు కనబడేదాకా. వాళ్ళ తాత ఆ పని చేసేవాడంట. పడవ ఇంజను ఆగిపోయినప్పుడు ఈయనా ఒకసారి చేశాడంట.

చెబుతూ చెబుతూ కుడి కాలు ఎత్తి మంచం పక్క గోడకి ఆనించాడు. ఎడం కాలిని చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. పెట్టాక, చూపించాలి కదా అని, నెట్టాడు. ఎడం కాలూ నెట్టింది. మడమ గోడకి నొక్కుకుని వేళ్ళు తెల్లబడటం నేను చూశాను. ఆయన కథలో ఉన్నాడు, చూసుకోలేదు.

"బాబా, మళ్ళీ చూపించు, నాకు సరిగ్గా అర్థం కాలేదు" అన్నాను.

మర్నాడు ఇంటి డ్రైవరుని అడిగాను, ఆయన పఠాను. అల్ ఖూజ్ షెడ్డుల్లో మెకానిక్కులు కారు కింద దూరడానికి వెల్లకిలా పడుకునే చక్రాల బల్ల ఉంటుంది కదా, పాతది ఒకటి పట్టుకురా భాయ్ అన్నాను.

"ఏం ఆపా, కారు రిపేరు నేర్చుకుంటున్నావా?"

"ముసలాయన్ని రిపేరు చేస్తాను."

సారు, మేడమ్ పనికి వెళ్ళాక, డ్రైవరూ నేనూ కలిసి ఆయన్ని నడవాలోకి దింపి బల్ల మీద పడుకోబెట్టాం. పాలరాతి నేల, ఇరుకు నడవా, రెండు పక్కలా గోడలు. కాళ్ళు గోడకి పెట్టి ఒక్క తాపు తన్నాడో లేదో, బల్ల వెనక్కి దొర్లి నా మోకాళ్ళకి గుద్దుకుంది. నేను ఆ ఇంట్లో చేరాక ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడటం.

"రెండో మనిషి లేకుండా కుదరదు. నువ్వు అటు పడుకో" అన్నాడు.

"నేనేంటి, ఇక్కడ పడుకోవడమేంటి?"

"యల్లా, త్వరగా కానీ మిస్సిస్. పడవ కొట్టుకుపోతంది."

డ్రైవరు మంచివాడు, మొహం తిప్పుకుని బయటికెళ్ళాడు. నేను దుప్పటి మడిచి నేల మీద వేసుకుని, బట్టలు సర్దుకుని, ఆయన తల దగ్గర తల పెట్టి పడుకున్నాను. మోకాళ్ళు ముడుచుకుని, నా కాళ్ళు ఇటు గోడకి, ఆయనవి అటు గోడకి. ఆయన అడుగు చెబితే ఇద్దరం వేసేవాళ్ళం. తెరలు వేయించాడు, సొరంగంలో వెలుతురేమిటని. దుప్పటి జారుతూ, బల్ల కీచుమంటూ, వంటింటి గుమ్మం నుంచి బయలుదేరి మెట్ల దాకా వెళ్ళేసరికి నాకు తొడలు పట్టేశాయి. ఆయనకి చెమటలు పట్టాయి. రోజూ అదే పని. కసరత్తు అంటే ఏడ్చే మనిషి, పొద్దున్నే లేచి బల్ల ఏదీ అనేవాడు.

ఒకరోజు మేడమ్ బడి నుంచి ముందే వచ్చేశారు. తలుపు తీసేసరికి ఇద్దరం నేల మీద, కాళ్ళు గోడలకి. తెల్లటి గోడ నిండా పాదాల మరకలు. ఇంక నా పని ఖలాస్ అనుకున్నాను. లేవబోతే పెద్దాయన లేవనివ్వలేదు.

"ఏం జరుగుతోంది?" అన్నారు మేడమ్, మెల్లిగా.

"సొరంగంలో ఉన్నాం. దారికి అడ్డం నిలబడకు" అన్నాడు ఆయన.

మేడమ్ చేతి సంచీ కింద పెట్టి, పక్క గది గుమ్మంలోకి తప్పుకుని, మమ్మల్ని పోనిచ్చారు. సాయంత్రం ఒక బకెట్టు, గుడ్డ తెచ్చి, మరకలు వారానికోసారి తుడిస్తే చాలు అన్నారు.

కాలికి బలం వచ్చింది. నిలబడ్డాడు. నిలబడ్డాక భయం పట్టుకుంది. ముందుకి పడతానేమోనని వెనక్కి వాలేవాడు, వెనక్కి వాలిన మనిషికి కాలు ఎలా పడుతుంది? గడప దాటడానికే మొరాయించేవాడు. విసుగొచ్చి ఆయనే అన్నాడు, ఖాళీ తాడుతో నడవడం ఎవడికీ రాదు, వెనక బరువుండాలి అని. వాళ్ళమ్మ కూడా గుర్రం లేని చోట పడవని తనే లాగేదంట, ముందుకి వాలిపోయి, తాడు మీద ఆనుకుని.

నా పాత నూలు చీర ఒకటి మెలేసి ఆయన రొమ్ముకి అడ్డంగా వేసి, రెండు కొసలూ వెనక నుంచి పట్టుకున్నాను. ఆయన వాలాడు. నేను ఆపాను. అడుగు పడింది.

"ఊరికే వచ్చేయకు. బరువుగా రా" అన్నాడు.

"బరువుకేం తక్కువ బాబా నా దగ్గర."

ఎండలు తగ్గాయి. ఒక శుక్రవారం పొద్దున సారు గేటు దగ్గర నిలబడ్డారు, చేతులు కట్టుకుని. మేడమ్ మెట్ల మీద. పక్కింటి అక్క కూడా పనేదో ఉన్నట్టు బయటికొచ్చింది. పెద్దాయన చీర వేసుకుని తయారుగా ఉన్నాడు. సారు చూసి, "ఎవరూ పట్టుకోకూడదు అన్నాను కదా" అన్నారు.

"ఇది పట్టుకోవడం కాదు. నేను లాగుతున్నాను. నమ్మకపోతే నువ్వే పట్టుకుని చూడు" అన్నాడు తండ్రి.

సారు నా చేతుల్లో కొసలు తీసుకున్నారు. పెద్దాయన ముందుకి వాలాడు. సారు ఒక్క అడుగు తూలి ముందుకొచ్చారు, ఆ తరవాత కాళ్ళు బిగించారు. ఆయనా తగ్గలేదు. అలా వెళ్ళారండి ఇద్దరూ, ఆయన లాగుతూ, కొడుకు వెనకాల బరువై నడుస్తూ, ఎడం కాలు నేలకి రాసుకుంటున్న చప్పుడు మాకు గేటు దాకా వినబడుతూ. బకాలా దగ్గర ఆగారు. కొట్టువాడు కుర్చీ తెచ్చాడు, పెద్దాయన కూర్చోలేదు. వెనక్కి తిరిగారు. సగం దారిలో చాలాసేపు ఆగిపోయాడు. నేను వెళ్ళబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. మళ్ళీ వాలాడు. గేటు దాటాక సారు చీర వదల్లేదు. దాంతోనే మొహం తుడుచుకున్నారు.

"సరే" అన్నారు.

"బరువెక్కావు నువ్వు" అన్నాడు పెద్దాయన.

చలి పోయాక తీసుకెళ్ళి దింపి, సారు ఒక్కరే తిరిగొచ్చారు. నన్ను వంటకి ఉంచేసుకున్నారు, నేను ఊరొచ్చేసిన రెండువేల ఎనిమిది దాకా. పక్క పడవల వాళ్ళు లాకుల దగ్గర ఆయనకి సాయం చేసేవారంట. శుక్రవారాలు ఫోను వస్తే సారు మాట్లాడాక నాకిచ్చేవారు. కాలెలా ఉంది బాబా అంటే, ఫలానా ఊరి దగ్గర పడవ కట్టేశాను అనేవాడు. ఆ ఊళ్ళ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. పోయిన వారం చెప్పిన ఊరు కాదు కదా, పడవ కదులుతోంది కదా అని మాత్రం చూసుకునేదాన్ని.