ఇసుక తాగేసిన నీళ్లు

మా రాజేశం ఖతార్ వచ్చి పంతొమ్మిదేళ్లు. ఊరు జగిత్యాల పక్కన. దోహా పక్క ముఐథర్‌లో మా గదిలో కింది మంచం అతనిదే, మోకాళ్లు పైమంచం ఎక్కనివ్వవు. క్యారవాన్లు బాగుచేసే షెడ్డులో పని. క్యారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. చలికాలం వస్తే ఇక్కడి కుటుంబాలు వాటిని ఎడారికి తీసుకెళ్లి వారాల తరబడి ఉంటాయి. ఆ రోజుల్లో రాజేశానికి నడుము నిలబడి ఉండేది తక్కువ, వంగి ఉండేదే ఎక్కువ. నేను షెడ్డు డ్రైవర్ని. ఎక్కడికైనా నా బండిలోనే.

మొన్న జనవరిలో ఎడారిలో సీలైన్ వైపు ఒక కుటుంబం క్యాంపుకి వెళ్లాం. వాళ్ల క్యారవాన్‌లో వారం రావాల్సిన నీళ్ల ట్యాంకు మూడు రోజులకే ఖాళీ అవుతోందట. పనామె సుకుమారిది అమలాపురం. నీళ్లన్నీ ఆమే పారబోస్తోందని మేడం అనుమానం. ఇంకోసారి ఇలా అయితే ఇంటికి పంపేస్తానని యజమాని చెప్పేశాడు.

"స్నానం రోజు మార్చి రోజు చేస్తున్నానండి. అయినా నమ్మట్లేదండి అన్నయ్యగారూ," అంది సుకుమారి.

రాజేశం క్యారవాన్ కింద చూశాడు. ఇసుక పొడిగా ఉంది. కారితే తడి ఉండాలి కదా అని యజమాని వాదన. కానీ కారిన నీళ్లు ఇనుప చట్రం వెంట ఎక్కడికో పోయి పడతాయి. ఇసుక తాగేస్తుంది, గాలి పైన కొత్త ఇసుక కప్పేస్తుంది.

ట్యాంకు లోపల, మంచం కింద ఉంది. రాజేశం పంపు ఆపేసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో పెన్సిల్‌తో గీత గీశాడు. ఎవరూ కుళాయి ముట్టొద్దన్నాడు. రెండు గంటలు కూర్చున్నాం. నీళ్లు గీతకి అర వేలు మందం కిందికి దిగాయి.

తర్వాత ట్యాంకు అడుగున పైపు కలిసే చోట్లన్నీ గుడ్డతో తుడిచి, వంటింట్లోంచి పొడి పిండి తెప్పించి చల్లాడు. ఒకచోట పిండి ముద్దయింది. పైపుని ట్యాంకుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ బిగింపు మీద వెంట్రుకంత చీలిక.

రాజేశం ఆ బిగింపును వేలితో తడిమి చూశాడు. నాకూ గుర్తొచ్చింది. నవంబర్‌లో ఈ క్యారవాన్ షెడ్డుకి వచ్చినప్పుడు ఆ బిగింపు వేసింది అతనే. పైపు పానా అందించింది నేను. చేత్తో బిగించి వదిలేయాల్సిందాన్ని, ఊళ్లో ఇనుప పైపులకి అలవాటైన చెయ్యి ఇంకో రెండు చుట్లు తిప్పింది.

యజమాని చూసి, మంచం కింద సామాన్లు దూర్చి ఈ పనామే విరగ్గొట్టిందన్నాడు.

నేను తెలుగులో మెల్లగా అన్నాను, ఊరుకో, వచ్చే నెలే నీ వీసా కాగితం కొత్తది చేయించాలి, షెడ్డాయన ఇప్పటికే వయసున్నోళ్లు వద్దంటున్నాడని. రాజేశం నా వైపు చూడలేదు.

"ఎట్ల ఊకుంటనే. పొయ్యేది ఆమె," అన్నాడు.

లేచి, వచ్చీరాని అరబ్బీలో యజమానికి చెప్పాడు, ఆమె కాదు, నేనే ఎక్కువ బిగించానని. చేత్తో తిప్పి చూపించాడు కూడా. యజమాని సుకుమారిని లోపలికి వెళ్లి పని చూసుకోమన్నాడు. బయటికి వెళ్లి మా షెడ్డాయనకి ఫోన్ చేశాడు.

రాజేశం కొత్త బిగింపు చేత్తోనే బిగించాడు. మళ్లీ గీత గీసి గంట చూశాడు. నీళ్లు కదల్లేదు. ఈలోగా నా ఫోన్‌కి షెడ్డాయన మెసేజ్ వచ్చింది. రేపు పొద్దున రాజేశాన్ని ఆఫీసుకు తీసుకు రమ్మని. చెప్పాను. తలూపాడు, అంతే.

పిండి చేతులతో మెట్టు మీద కూలబడ్డాడు. సుకుమారి మగ్గుతో నీళ్లు తెచ్చి చేతుల మీద పోసింది, అలవాటు కొద్దీ దారంలా సన్నగా.

"నిండుగ పొయ్యి చెల్లె," అన్నాడు. "ఇగ కారదు."